ఉరికంబము - తిరిగి రాని తీర్పు

హరిశ్చంద్ర నాటకము నెరుగని తెలుగు కుటుంబము లేదు. కాశీరాజు కుమారుని చంపినదన్న నింద మోపి చంద్రమతికి మరణదండన విధించిరి. ఆమె నిరపరాధిని. రాజాజ్ఞ కలదు; కత్తి యెత్తిన చేయి భర్తదే. తుది క్షణమున దేవతలు ప్రత్యక్షమై ఆ కత్తి నాపిరి. దేవతలు రాని నాడేమగును? ఈ ప్రశ్న నడుగకయే మనము తరతరములుగ ఆ నాటకమును మెచ్చుకొనుచున్నాము.

న్యాయస్థానములు పొరబడవనువారు ఈ వ్యాజ్యెములను పరికింపవలెను. మహారాష్ట్రమున సంచారజాతులవారైన ఆరుగురికి ఉరియే తగునని 2009లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. అందు మువ్వురికి హైకోర్టు యావజ్జీవముగ తగ్గించిన శిక్షను మరల ఉరిగా పెంచినది. ఆ సుప్రీంకోర్టే 2019లో ఆరుగురును నిర్దోషులని విడిచిపెట్టినది. విజయవాడ సమీపమున 2007లో జరిగిన విద్యార్థిని హత్యకు యావజ్జీవశిక్ష పడిన యువకుని 2017లో హైకోర్టు నిర్దోషిగ ప్రకటించినది. అతనికి పడినది ఉరియే యై, అమలు జరిగియున్నచో, ఆ తీర్పు నెవరికి చదివి వినిపింతురు?

రాజస్థానమున 1996, 1997 సంవత్సరములలో ఇరువురను ఉరితీసిరి. వారికి ఆ శిక్ష విధించుట పొరపాటని పదునలుగురు మాజీ న్యాయమూర్తులు 2012లో రాష్ట్రపతికి విన్నవించిరి. వారు నేరము చేయలేదని కాదు, ఉరి తగదని. విన్నపము చేరునాటికి వారు లేరు.

"హతుని తల్లి కన్నీటికి విలువ లేదా?" యని కొందరు గద్దింతురు. కలదు. కావుననే అసలు దోషి దొరకవలెను. నిరపరాధిని ఉరితీసినచో వ్యాజ్యెము ముగిసినదని అధికారులు నిద్రింతురు. హంతకుడు స్వేచ్ఛగ తిరుగును. తొలి తల్లికి న్యాయము దక్కదు; రెండవ తల్లి కడుపుకోత కొత్తగ మొదలగును.

ప్రత్తి పేరు మోయుచున్న యీ కాటన్‌పేటలో తూకము తప్పినచో తగ్గిన సరకును మరునాడైనను తీర్చవచ్చును. చెరసాల తలుపు ఆలస్యముగనైనను తెరచుకొనును. ఉరిత్రాటి కా గుణము లేదు.

తీవ్రవాదము, రాజ్యముపై యుద్ధము అను నేరములకు తప్ప ఉరిని తొలగింపుడని 2015లో లా కమిషన్ సిఫారసు చేసినది. అయినను 2024లో అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఉరి నిలిచియే యున్నది. పరరాష్ట్రమున భాషను, నాటకమును కాపాడుకొనుచున్న మనము చంద్రమతి కథలోని న్యాయమును సైతము కాపాడవలదా? రంగస్థలముపై ఆమెకై కార్చిన కన్నీరు నిజమైనచో, ఉరిశిక్ష రద్దు కావలెనని మన సంఘములు బాహాటముగ కోరవలెను.