ఆపరేషను నాకు, సంతకం ఆయనదా?

మా గుణదలలో ఆపరేషను అనగానే కొండెక్కి మేరీమాతకు మొక్కుకోవడం మామూలే. గడ్డల వల్ల గర్భసంచి తీసెయ్యాలన్నప్పుడు నేనూ మెట్లెక్కాను. నన్ను ఎక్కువగా భయపెట్టింది మత్తు. మధ్యలో మెలకువ వస్తే? అసలు మెలకువే రాకపోతే? వెన్నులో సూది గుచ్చితే జీవితాంతం నడుంనొప్పేనట, నిజమా? ఎవరిని అడగాలి? ఆయా మాత్రం "మీకేం తెలీకుండానే అయిపోద్దమ్మా" అని ధైర్యం చెప్పింది. నాకు తెలియకుండా అయిపోతుందనే కదా నా భయం! అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉంది. దాని మీద మావారి చేత సంతకం పెట్టించుకున్నారు. మత్తు డాక్టరుగారిని నేను మొదటిసారి చూసింది ఆపరేషను బల్ల మీద పడుకున్నాకే.

నాకు ఎవరూ చెప్పనివి తర్వాత అడిగి తెలుసుకున్నాను. వెన్నులో మత్తు ఇస్తే నడుం కిందిభాగం మొద్దుబారుతుంది, మనిషి మెలకువగా ఉండవచ్చు. కొన్ని గంటల్లో కాళ్ళకు స్పర్శ వస్తుంది. బీపీ పడిపోవడం, తర్వాత కొన్నాళ్ళు తలనొప్పి కొందరికి రావచ్చు. శాశ్వతంగా నడుంనొప్పి వస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు. పూర్తి మత్తయితే నిద్రపుచ్చి, గొంతులో గొట్టం వేసి ఊపిరి అందిస్తారు. లేచాక గొంతునొప్పి, వాంతులు ఉండవచ్చు. మధ్యలో మెలకువ రావడం చాలా అరుదు. ఆపరేషను తీరును, మనకున్న జబ్బులను, వాడే మందులను బట్టి ఏది తగినదో నిర్ణయిస్తారు. ఇదంతా చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలకు కూడా మనం నోచుకోలేదా?

సమీరా కోహ్లీ కేసు గుర్తు చేసుకుందాం. పరీక్ష కోసమని మత్తిచ్చి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు స్పృహ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలని, తల్లి అనుమతి చెల్లదని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కన్నతల్లి అనుమతే చెల్లనప్పుడు భర్త సంతకం ఎలా చెల్లుతుంది?

ఈ ప్రశ్న మన రాష్ట్రంలో మరీ ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. వీరిలో ఎందరికి "ఇది తప్పదా, మందులతో తగ్గదా?" అని అడిగే అవకాశం దొరికింది?

భయపడే స్త్రీని పిరికిదని కసురుకోవడం తేలిక. జవాబు దొరకని ప్రశ్నలే ఆ భయానికి మూలం. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి. సంతకం ఆమెదే కావాలి, ఒక నకలు ఆమెకివ్వాలి. మత్తు డాక్టరు ముందే వచ్చి ఆమెతో మాట్లాడాలి. సంఘాల్లో పనిచేసే మనం ఆపరేషనుకు వెళ్ళే ప్రతి స్త్రీకి తోడు వెళ్ళి, ఆమె ప్రశ్నలు ఆమే అడిగేలా పక్కన నిలబడాలి. మొక్కులు ఎవరి ఇష్టం వారివి. జవాబులు మాత్రం ఆసుపత్రివాళ్ళే చెప్పాలి.