బైక్ లైసెన్స్‌తో యూరప్‌లో కారు ఇవ్వరు

యూరప్ ట్రిప్ రీల్స్ చూడని ఫైనలియర్ స్టూడెంట్ ఉండడేమో. మ్యూనిక్‌లో కారు అద్దెకు తీసుకుంటారు, రెండు గంటల్లో సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో దిగుతారు. మాస్టర్స్‌కు వెళ్లినవాళ్లు, కంపెనీ ఆన్‌సైట్ పంపినవాళ్లు సెలవుల్లో ఇలా తిరగడం ఇప్పుడు వింతేమీ కాదు. అయితే ఆ కారు తాళం చేతికి రావాలంటే మొదటి పని మ్యూనిక్‌లో కాదు, మన ఆర్టీఏ ఆఫీసులో చేయాలి. అందుకే నేను చెప్పేది ఒక్కటే: కాలేజీ దాటేలోపు కారు లైసెన్స్ తీసుకోండి.

'లైసెన్స్ ఉందన్నా' అంటారా? ఓసారి బయటికి తీసి చూడండి. మా సంతోష్‌నగర్‌లో పద్దెనిమిది నిండగానే చాలామంది బైక్ లైసెన్స్ తీసేసుకుంటారు. కారు సంగతి 'జాబ్ వచ్చాక చూద్దాంలే' అని వదిలేస్తారు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కొత్తగా ఏ అర్హతా ఇవ్వదు. మీ లైసెన్స్‌లో ఏ వాహనాలు రాసి ఉన్నాయో వాటికే పనికొస్తుంది. ఎల్ఎంవీ లేకపోతే కారు లేదు. లెర్నర్స్ లైసెన్స్‌తో అసలు పర్మిటే రాదు.

ఈ పర్మిట్‌కు ఆధారం 1949 నాటి జెనీవా ఒప్పందం. ఏడాది చెల్లుతుంది. 2022 ఆగస్టులో కేంద్రం నిబంధనలు మార్చి దేశమంతా ఒకే నమూనా తెచ్చింది, క్యూఆర్ కోడ్ పెట్టింది, వీసా చూపాలన్న షరతునైతే అంతకుముందే 2021లో తీసేసింది. అంటే పర్మిట్ తేలికే. దాని వెనకుండాల్సిన లైసెన్సే రాత్రికి రాత్రి రాదు. పైగా అక్కడి రెంటల్ కంపెనీలు చాలావరకు లైసెన్స్ వచ్చి కనీసం ఏడాది అయ్యుండాలంటాయి. పాతికేళ్లలోపు వాళ్లకు అదనపు ఛార్జీ వేస్తాయి, డిపాజిట్‌కు డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతాయి. ఆఫర్ లెటర్ వచ్చాక డ్రైవింగ్ స్కూల్‌కు పరుగెత్తితే ఆ ఏడాది ఎక్కడి నుంచి తెస్తారు?

ఇక సరిహద్దు. షెంగెన్ దేశాల మధ్య 1995 నుంచి గేట్లు పోయాయి. అలాగని పాస్‌పోర్ట్ రూమ్‌లో వదిలేసి వెళ్లొద్దు. జర్మనీ 2024 సెప్టెంబర్‌లో తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తాత్కాలిక తనిఖీలు పెట్టింది. గేటు లేకున్నా గీత దాటగానే రూల్స్ మారతాయి. జర్మనీ హైవేల మీద కార్లకు టోల్ లేదు. ఆస్ట్రియాలో 'విన్యెట్' అనే టోల్ పాస్ ముందే కొనాలి, లేదంటే జరిమానా. కారు ఏయే దేశాల్లోకి వెళ్లొచ్చో అద్దె ఒప్పందంలో రాసి ఉంటుంది. అందులో లేని దేశంలో గుద్దితే ఇన్సూరెన్స్ రాకపోవచ్చు, ఖర్చంతా మన నెత్తినే పడుతుంది.

'ఐఎస్ సదన్ చౌరస్తాలో నడిపినోడు ప్రపంచంలో ఎక్కడైనా నడుపుతాడు' అని మనవాళ్ల ధీమా. వినడానికి బాగుంటుంది. కానీ జర్మనీలో బోర్డు, సిగ్నల్ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికే ముందు దారి. హైవే మీద ట్రాఫిక్ ఆగితే అంబులెన్స్ కోసం మధ్యలో దారి వదలాలి. అక్కడ ధైర్యం కన్నా రూల్ తెలియడం ముఖ్యం. అందుకే ఏజెంట్‌కు డబ్బిచ్చి టెస్ట్ దాటేసే లైసెన్స్ వద్దంటున్నా. కార్డు వస్తుంది కానీ డ్రైవింగ్ రాదు.

'ఇంట్లో కారే లేదు, ఫీజు దండగ' అనేవాళ్లూ ఉన్నారు. సొంత కారు అక్కర్లేదు, డ్రైవింగ్ స్కూల్ కారుతోనే టెస్ట్ ఇవ్వొచ్చు. యూరప్ వెళ్లకపోయినా సైట్, ఫీల్డ్ సర్వీస్, సేల్స్ ఉద్యోగాల్లో ఇది అక్కరకొస్తుంది. జర్మనీలో స్థిరపడేవాళ్లకు మన లైసెన్స్ ఆరు నెలలే చెల్లుతుంది. తర్వాత అక్కడ థియరీ, ప్రాక్టికల్ రెండు పరీక్షలూ రాయాలి. ఇక్కడ సరిగ్గా నేర్చుకున్నవాడికి అప్పుడు సగం బరువు తగ్గుతుంది.

ప్లేస్‌మెంట్స్ టెన్షన్‌లో ఇదొకటా అనుకోకండి. లెర్నర్స్‌కు స్లాట్ బుక్ చేయండి. అది ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పై రోజులు దాటాక టెస్ట్ ఇవ్వొచ్చు. రెజ్యూమ్ తయారయ్యేలోపు లైసెన్స్ కూడా చేతికొస్తుంది. ఆ ఏడాది లెక్క ఈ రోజే మొదలుపెట్టండి.