పుస్తకాల జాడ ప్రజల ఆస్తి

1935లో తెనాలి ప్రాంతపు కాలువ మీద పుస్తకాలు పడవెక్కాయి. పెదపాలెం సేవాశ్రమ వాణీమందిరం తరఫున పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య నడిపిన బోటు గ్రంథాలయం గట్టు మీది పల్లెలకు చదువు చేరవేసింది. అంతకు పదిహేడేళ్ల ముందే, 1918లో, వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ప్రభుత్వ శాఖా గ్రంథాలయాల్లో, కళాశాలల్లో, దాతలు నిలబెట్టిన పఠన మందిరాల్లో తరతరాలుగా పుస్తకాలు, పత్రికలు పోగుపడ్డాయి. అయితే ఏది ఎక్కడుందో ఒక్కచోట చూసుకునే వీలు మాత్రం పాఠకుడికి లేదు. ఒక్కో గ్రంథాలయం చిట్టా ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోతోంది.

ఈ పరిస్థితి మారాలి. మూడు పట్టణాల పరిధిలోని గ్రంథాలయాలన్నిటికీ ఒక ఉమ్మడి సూచి తయారు కావాలి. అది తెలుగు లిపిలో ఉండాలి, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఉండాలి. ఈ పనిని రాష్ట్ర పౌర గ్రంథాలయ శాఖ తన బాధ్యతగా తలకెత్తుకోవాలి.

గ్రంథాలయంలో యాక్సెషన్ రిజిస్టరు తెరిస్తే వరుస సంఖ్య, పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, పుటలు, వెల వంటి గడులు కనిపిస్తాయి. కంప్యూటర్ల వాళ్లు మెటాడేటా అంటున్నది ఈ వివరాలనే. గ్రంథపాలకులకు ఇది కొత్త విద్యేమీ కాదు. కొత్తగా వచ్చిన చిక్కల్లా ఒకటే. ఎవరి కంప్యూటరు వారిది, ఎవరి గడులు వారివి, ఎవరి వర్ణక్రమం వారిది అయిపోయింది. ఒకచోట ఎక్కించిన వివరం మరోచోట అక్కరకు రావడం లేదు.

దీనివల్ల ఎంత నష్టం జరుగుతుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవం చూపించింది. ఆచార్య రాజ్ రెడ్డి ప్రేరణతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తలపెట్టిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పాలుపంచుకున్నాయి. వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. అది ఎన్నటికీ మరువరాని మేలు. కానీ పుటలను ఫొటో తీయడంలో చూపిన శ్రద్ధ పేర్లు రాయడంలో చూపలేదు. శీర్షికలను రోమన్ లిపిలో, దీర్ఘాలు, ఒత్తులు లేకుండా ఎక్కించారు. ఆ రాతలో కల, కళ, కాల, కాళ నాలుగూ ఒకటే అయిపోతాయి. చాలా పుస్తకాలకు రచయిత గడిలో ‘నాట్ అవైలబుల్’ అని, సంవత్సరం గడిలో సున్నా అని ఉంటుంది. పుస్తకం తెరిస్తే ముఖపత్రం మీద రచయిత పేరు నిండుగా కనిపిస్తుంది. ఆ ముఖపత్రం దాకా చేరడానికే దారి లేదు. చివరికి తెలుగు వికీపీడియా స్వచ్ఛంద సంపాదకులు పూనుకుని, ఆ పుస్తకాల జాబితాను రచయిత, విషయం వివరాలతో తెలుగు లిపిలో తయారు చేశారు. ప్రజాధనంతో మొదట్లోనే సక్రమంగా జరగాల్సిన పనిని కొద్దిమంది పుస్తకప్రియులు తమ తీరిక వేళల్లో చేయాల్సి వచ్చింది.

కాపీరైటు కారణంగా ఆ సైటు తర్వాత మూతపడింది. ఇక్కడా లోపం వివరాల్లోనే ఉంది. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక అరవై ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. రచయిత మరణ సంవత్సరం నమోదై ఉంటే ఏ పుస్తకం స్వేచ్ఛగా పంచవచ్చో, దేనికి అనుమతి కావాలో చాలావరకు యంత్రమే వేరు చేసేది. ఒక్క గడి నింపకపోవడంతో హక్కులు తీరిన పుస్తకాలు కూడా ఆ సైటులో అందకుండా పోయాయి.

రచయితల పేర్ల విషయంలో ఈ ప్రాంతానికి మరింత పట్టింపు ఉండాలి. కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలో పుట్టారు. ఆయన పేరును ఒకరు కొడవటిగంటి అని, ఒకరు కె. కుటుంబరావు అని, మరొకరు కొ.కు. అని రాస్తే యంత్రం లెక్కలో ముగ్గురు రచయితలు తయారవుతారు. పాశ్చాత్య పద్ధతిలో చివరి మాటను ఇంటిపేరుగా తీసుకునే సాఫ్ట్‌వేర్ అయితే ‘కుటుంబరావు’ను ఇంటిపేరు చేసేస్తుంది. శరత్ నవలలను తెలుగువారికి దగ్గర చేసిన చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి ‘కవిరాజు’గా ప్రసిద్ధులు. ఇంటిపేరు, అసలు పేరు, కలం పేరు, జనన మరణ సంవత్సరాలు కలిపి ఒక్కో రచయితకు ఒక్కో స్థిరమైన గుర్తింపు సంఖ్య ఇస్తే ఏ పేరుతో వెతికినా అన్ని పుస్తకాలూ కనిపిస్తాయి. ప్రపంచంలోని పెద్ద గ్రంథాలయాలు ఎప్పటి నుంచో చేస్తున్న పని ఇది.

ఊళ్ల సంగతి ఇంకా జటిలం. రేపల్లెకు దగ్గర్లోని భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించి, శాసనాలున్న ధాతు కరండాలను వెలికితీశారు. 1894లో అచ్చయిన ఆయన నివేదిక ఆ స్థలాన్ని కృష్ణా జిల్లాలో చూపుతుంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక రాసిన పుస్తకాల్లో అదే ఊరు గుంటూరు జిల్లాది. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లాది. వేటపాలెం కృష్ణా నుంచి గుంటూరుకు, 1970లో ఏర్పడి తర్వాత ప్రకాశంగా పేరు మారిన ఒంగోలు జిల్లాకు, ఇప్పుడు బాపట్లకు వచ్చింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండగా రేపల్లె విడిపోయింది. ‘బాపట్ల జిల్లా’ అని వెతికే విద్యార్థికి 2022కు ముందు అచ్చయిన చరిత్రంతా కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది. పాత రికార్డుల్లో జిల్లా పేరు కొట్టేసి కొత్తది రాయడం దీనికి మందు కాదు. అలా చేస్తే ఆనాటి సాక్ష్యమే చెడుతుంది. ఊరికి ఒక కోడు ఉండాలి, ఆ ఊరు ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు ఏ జిల్లాలో ఉందో దాని పక్కన రాయాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ గ్రామాలకు ఇప్పటికే కోడులు ఇచ్చింది. వాటిని గ్రంథాలయాలు వాడుకుంటే చాలు.

స్థిరమైన గుర్తింపు విలువ బాపట్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇక్కడి వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204ను కొందరు సాంబ మసూరి అంటారు, కొందరు ఉత్త బీపీటీ అంటారు, తమిళనాట ఆంధ్రా పొన్ని అంటారు. పిలుపు ఏదైనా విత్తన సంచి మీద ఆ సంఖ్య చూస్తే రైతుకు వంగడం తెలిసిపోతుంది. పుస్తకానికీ రచయితకూ ఊరికీ కావలసింది అలాంటి సంఖ్యే.

ఇందుకు కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. వివరాలను యంత్రం చదివే రూపంలో రాసే మార్క్ పద్ధతిని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1960లలోనే రూపొందించింది. 1967లో ఒహాయో రాష్ట్ర కళాశాలలు ఒక సంఘంగా ఏర్పడి తమ సూచీలను కలపడం మొదలుపెట్టాయి. ఒకరు నమోదు చేసిన పుస్తకాన్ని మిగతావారు మళ్లీ మొదటి నుంచి నమోదు చేసే శ్రమ తప్పింది. ఆ ప్రయత్నమే నేడు వరల్డ్‌క్యాట్ అనే ప్రపంచ సూచిగా ఎదిగింది. పుస్తకాలకే కాక ఫొటోలకు, పత్రాలకు కూడా పనికొచ్చేలా డబ్లిన్ కోర్ పేరుతో పదిహేను గడుల పద్ధతికి 1995లో అంకురార్పణ జరిగింది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ తయారు చేసిన ఈ-గ్రంథాలయ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోహా అందుబాటులో ఉన్నాయి. తెలుగు లిపి 1991 నుంచే యూనికోడ్‌లో ఉంది. సాధనాలన్నీ ఉండగా కావలసింది నిర్ణయం.

అభ్యంతరాలు లేకపోలేదు. సిబ్బంది చాలరన్నది మొదటిది. అది నిజమే, ఖాళీలు నింపాల్సిందే. అయితే ఉమ్మడి సూచి వల్ల పని తగ్గుతుంది. తెనాలిలో నమోదైన పుస్తకం రేపల్లెలోనూ ఉంటే అక్కడి గ్రంథపాలకుడు తన ప్రతి వివరం చేర్చితే చాలు. సూచి అడిగితే రేపు పుస్తకాలే పట్టుకుపోతారేమోనని ప్రైవేటు గ్రంథాలయాల పెద్దలు భయపడవచ్చు. పుస్తకం కదలదు, దాని జాడ మాత్రమే బయటికి వస్తుందని ప్రభుత్వం వారికి రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. కాపీరైటు భయం కూడా అక్కర్లేదు. ఫలానా పుస్తకం ఫలానా చోట ఉందని చెప్పడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. ఇక పంచుకోకూడనిది ఒకటుంది. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారన్నది పాఠకుడి సొంత విషయం. అది ఆ గ్రంథాలయం దాటి బయటికి పోరాదు.

ప్రభుత్వం ఈ మూడు పట్టణాల్లో వెంటనే పని మొదలుపెట్టాలి. శీర్షిక, రచయిత పేరు తెలుగు లిపిలో తప్పనిసరి చేయాలి. రోమన్ రాత అదనపు గడిగా ఉండవచ్చు. రచయితల పేర్ల పట్టికను గ్రంథపాలకులు, తెలుగు అధ్యాపకులు కలిసి సిద్ధం చేయాలి. హక్కుల గడి ఖాళీగా వదలరాదు. కంప్యూటరీకరణ టెండరులో వివరాలన్నీ గ్రంథాలయం సొత్తని, అందరికీ తెలిసిన ప్రామాణిక రూపంలో ఎప్పుడు అడిగినా తిరిగి ఇవ్వాలని షరతు పెట్టాలి. లేకపోతే కంపెనీ మారిన ప్రతిసారీ పని మళ్లీ మొదటికొస్తుంది. ఖర్చుకు కొత్త పన్ను అక్కర్లేదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నుతో పాటు ప్రజలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు. స్థానిక సంస్థలు ఆ డబ్బును బకాయి పెట్టకుండా జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయాలి. అందులోంచి మొదటి వాటా ఈ పనికి ఇవ్వాలి.

పాఠకుడి సమయం ఆదా చేయడం గ్రంథాలయ ధర్మమని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు. పాత పత్రికల కాగితం ఏటా పెళుసెక్కుతోంది. ఏ సంచిక ఎక్కడ ఏ స్థితిలో ఉందో తెలియకపోతే ముందుగా దేన్ని కాపాడాలో కూడా తెలియదు. సెస్సు కట్టే పౌరుడికి తన ఊరి పుస్తకాల జాడ అడిగే హక్కు ఉంది. ఆ హక్కు తీర్చే బాధ్యత ప్రభుత్వానిది. సాకులు చెప్పకుండా ఈ ఆర్థిక సంవత్సరంలోనే అది పని మొదలుపెట్టాలి.