అమీర్‌పేట అవతల కూడా

ఒకప్పుడు జావా, తరవాత టెస్టింగ్ టూల్స్, ఇప్పుడు ఫుల్ స్టాక్, జెనరేటివ్ ఏఐ. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఫ్లెక్సీలు మారుతూనే ఉంటాయి. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచీ మన ఇళ్లలో కంప్యూటర్ చదువంటే సాఫ్ట్‌వేర్ కంపెనీయే. అందులో ఉద్యోగం రాకపోతే బీటెక్ దండగని చుట్టాలే తేల్చేస్తారు.

కోచింగ్ సెంటర్లతో నాకు పేచీ లేదు. గిరాకీ ఉన్నదే అమ్ముతారు. కంప్యూటర్ చదువంటే సాఫ్ట్‌వేర్ కంపెనీయే అనే లెక్కతోనే నా పేచీ.

ఆ చదువుకి బయట కూడా పని ఉంది. ఆంధ్రా బ్యాంకు సంగతి చూడండి. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఖాతాదారుకి తెలిసింది బోర్డూ ఐఎఫ్‌ఎస్‌సీ కోడూ మారాయని. ఇలాంటి విలీనంలో అసలు పని లోపల ఉంటుంది. ఒకచోట కె. వెంకటేశ్వరరావు, ఇంకోచోట వెంకటేశ్వరరావు కొల్లి, పాన్ కార్డులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో పొడి అక్షరం. అందరూ ఒకరేనా? పుట్టినతేదీ, ఫోన్ నంబరు, చిరునామా పోల్చాలి. అనుమానం ఉన్నవి పక్కన పెట్టి మనిషి చేత చూపించాలి. తప్పుగా కలిపితే ఒకరి డబ్బు ఇంకొకరికి కనబడుతుంది. దీనికి డేటాబేస్ రావాలి, మన ఇంటిపేర్ల తిరకాసూ తెలియాలి. ఆస్పత్రి రికార్డుల్లోనూ ఇదే తలనొప్పి. అక్కడ పొరబడితే మందే మారిపోతుంది.

స్టేట్ బ్యాంకు సంగతి వేరుగానీ, మిగతా ప్రభుత్వ బ్యాంకులు ఐటీ ఆఫీసర్లను ఐబీపీఎస్ స్పెషలిస్ట్ ఆఫీసర్ పరీక్షతో తీసుకుంటాయి. నెట్‌వర్క్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్ ప్రశ్నలే అసలు పరీక్ష. కాలేజీలో చదివింది అక్షరాలా పనికొచ్చే చోటు ఇదొకటి. బదిలీలుంటాయి, అది ఒప్పుకోవాలి.

సెక్యూరిటీ మరో దారి. సైబర్ దాడి గమనించిన 6 గంటల్లో తమకు తెలపాలని, లాగ్‌లు 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. ఉంచితే చాలదు, వాటిని చదివేవాళ్లు కావాలి. రాత్రి షిఫ్టులు తప్పవు.

ఆఖరి ఏడాది పిల్లలకు నేను చెప్పేదొకటే: రెడీమేడ్ ప్రాజెక్టు కొనకండి. మీ ఊరి ఆస్పత్రి ఓపీ కౌంటర్లోనో, సహకార సంఘంలోనో రిజిస్టరు రాసే మనిషిని కదపండి. ఒకే పేరు రెండుసార్లు ఎందుకు ఎక్కిందో ఆయనే చెబుతాడు. ఆ చిక్కు మీద నాలుగు నెలలు కూర్చోండి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీదంటూ ఒక విషయం ఉంటుంది.