ఫొటోలు కడిగించే ముందు

ప్రింటు బాగా రాకపోతే మనవాళ్ళు మొదట తిట్టేది కెమెరాని. "దీంట్లో మెగాపిక్సెళ్ళు తక్కువ, కొత్త ఫోను కొనాలి" అంటారు. ఒక్కసారి లెక్కేసి చూడండి. 4x6 అంగుళాల ప్రింటుకి 300 డీపీఐ చొప్పున 1200x1800 పిక్సెళ్ళు చాలు. అంటే రెండు మెగాపిక్సెళ్ళ పైచిలుకు, అంతే. గోడకి తగిలించే 8x12కైనా తొమ్మిది దాటదు. పన్నెండు మెగాపిక్సెళ్ళ ఫోను జేబులో పెట్టుకుని కెమెరా మీద పడి ఏడవడం దేనికి?

నన్నడిగితే అసలు దొంగ వాట్సాప్. మామూలుగా పంపిన ఫొటోని పొడుగువైపు 1600 పిక్సెళ్ళ దగ్గరికి కుదించేసి, పైన జేపెగ్‌లో ఇంకాస్త పిండేస్తుంది. 4x6 దాకా ఎలాగో గట్టెక్కుతుంది. దాన్నే 12 అంగుళాలకి సాగదీస్తే మిగిలేది 133 డీపీఐ. చీర అంచు, జుట్టు అన్నీ మైనం ముద్దే. 2023లో వచ్చిన హెచ్‌డీ ఆప్షను కాస్త నయం గానీ అదీ ఒరిజినల్ కాదు. పంపితే డాక్యుమెంటుగా పంపండి, లేదంటే పెన్ డ్రైవ్ పట్టుకుని ల్యాబుకి వెళ్ళండి.

ఇంకో తిరకాసు, ఫోను ఫొటో మామూలుగా 4:3, 4x6 కాగితమేమో 3:2. కాగితం నిండా వేస్తే ఎత్తులో తొమ్మిదో వంతు ఎగిరిపోతుంది. పెళ్ళి గ్రూప్ ఫొటోలో వెనక వరస పొడుగు బాబాయి తల పోయేది ఇందుకే. "తెల్ల అంచు వదిలినా సరే, ఫొటో మొత్తం రావాలి" అని ముందే చెప్పాలి. ఐఫోన్ వాళ్ళకి అదనంగా ఓ మాట: 2016లో వచ్చిన ఐఫోన్ 7 నుంచి అవి డిస్‌ప్లే పీ3 రంగుల్లో తీస్తాయి. ల్యాబులో ఆ ప్రొఫైల్‌ని పట్టించుకోకపోతే ఎరుపులు వెలవెలబోతాయి. ఎస్ఆర్‌జీబీకి మార్చి ఇవ్వండి.

ఇవన్నీ ఒక ఎత్తు, 'కరెక్షన్' ఒక ఎత్తు. మా అమ్మమ్మ నల్లటి మనిషి. ముఖం నిండా ముడతలు, ముక్కుకి రెండు వైపులా పుడకలు. ఆవిడ ఫొటో 8x12 వేయిస్తే, ముడతల్లేని గోధుమరంగు ముఖం ఒకటి చేతికొచ్చింది. కౌంటర్లో కుర్రాడు సంబరంగా "ఫెయిర్ చేశాం సార్" అన్నాడు. అమ్మమ్మ చూసి "ఎవర్రా ఈవిడ?" అంది! ఆ కుర్రాణ్ణి అనీ లాభం లేదు, వచ్చేవాళ్ళలో చాలామంది అడిగేది అదే కాబోలు. కానీ రేపు ఆ గోడ మీద మిగిలేది ఆ ముఖమే కదా. మళ్ళీ వేయించాను, "ఏ కరెక్షనూ వద్దు, ఆటో కూడా వద్దు" అని కవరు మీద రాసి మరీ. ఈసారి అమ్మమ్మే వచ్చింది.

కరెక్షన్ వద్దన్నాక ప్రింటు కాస్త చీకటిగా అనిపించొచ్చు. స్క్రీను తనంతట తను వెలుగుతుంది, కాగితానికి గదిలో వెలుగే దిక్కు. ఫోను బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూసుకోండి. పెద్ద సైజుకి ముందు ఒక 4x6 వేయించి చూస్తే ఇంకా మంచిది, పోయేది కొద్ది రూపాయలే.

మా నాన్న ఇప్పటికీ "ఫొటోలు కడిగించావా?" అనే అడుగుతారు. తప్పేం కాదు, సిల్వర్ హాలైడ్ కాగితాన్ని ఈ రోజుకీ రసాయనాల్లో కడగాల్సిందే. గోడకైతే మ్యాట్ తీసుకోండి, గ్లాసీ మీద ట్యూబ్‌లైటు తప్ప ఏమీ కనపడదు. ఫ్రేము కట్టేవాడితో మాత్రం అద్దానికీ ఫొటోకీ మధ్య చుట్టూ అట్ట మౌంటు పెట్టమని చెప్పండి. మన కోస్తా ఉక్కపోతకి ఫొటో అద్దానికి అతుక్కుపోయిందంటే, ఒలిస్తే రంగు కూడా ఊడొస్తుంది.