ఇంట మ్యాచ్‌లు లేనిదే రచ్చ గెలిచేదెలా?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కాని మన బాస్కెట్‌బాల్‌లో ఇంట గెలవడానికి తగినన్ని పోటీలే కరువు. పంజాబ్ ఆటగాడు సత్నాం సింగ్ భమరా ఉదంతం ఈ సత్యాన్నే చాటుతోంది.

బర్నాలా జిల్లా బల్లోకే గ్రామంలో రైతు ఇంట పుట్టిన సత్నాం లూధియానా అకాడమీలో ఆట నేర్చాడు. 2010లో పద్నాలుగేళ్ల ప్రాయంలోనే ఉపకార వేతనంపై అమెరికాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు. 2015 జూన్‌లో ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో డల్లాస్ మావెరిక్స్ అతన్ని 52వ స్థానంలో తీసుకుంది. భారత్‌లో పుట్టిన ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. ఏడడుగుల రెండంగుళాల ఆ యువకునిపై దేశం పెద్ద ఆశలే పెట్టుకుంది.

అయితే ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్‌లో అతను ఒక్క నిమిషం కూడా ఆడలేదు. అనుబంధ జట్టు టెక్సాస్ లెజెండ్స్‌లో రెండు సీజన్లు ఉన్నా, ఎక్కువ కాలం బెంచీకే పరిమితమయ్యాడు. పొడగరి బుట్ట కింద నిలబడితే చాలుననే రోజులు అప్పటికే పోయాయి. వేగంగా పరుగెత్తి, దూరం నుంచి బంతి వేయగలవారికే గిరాకీ పెరిగింది. 2018-19లో కెనడా లీగ్‌లో సెయింట్ జాన్స్ ఎడ్జ్‌కు ఆడాడు. 2019లో డోపింగ్ పరీక్షలో విఫలం కాగా, 2020 డిసెంబరులో రెండేళ్ల నిషేధం ఖరారైంది. 2021లో పాతికేళ్ల వయస్సులో అమెరికా రెజ్లింగ్ సంస్థ ఏఈడబ్ల్యూలో చేరాడు.

డోపింగ్ విషయంలో ఆటగాని బాధ్యత కాదనలేనిది. కాని ఆటలో వెనుకబడటానికి కారణం వేరు. యువ ఆటగాడు రాటుదేలేది శిక్షణతో మాత్రమే కాదు, వరుస మ్యాచ్‌లతో. అమెరికాలో చోటు దొరకని సత్నాంకు స్వదేశంలోనూ నిలకడైన లీగ్ లేదు.

కేరళకు చెందిన గీతూ అన్నా జోస్ 2006 నుంచి 2008 వరకు ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ జట్టుకు ఆడింది. 2011లో మూడు అమెరికా మహిళా జట్ల ఎంపిక పరీక్షలకు వెళ్లినా చోటు దక్కలేదు. అయితే ఆమెకు దక్షిణ రైల్వే ఉద్యోగం అండగా ఉంది. మన దేశంలో బాస్కెట్‌బాల్‌తో జీవనమంటే నేటికీ ప్రధానంగా రైల్వే, ఓఎన్‌జీసీ, సర్వీసెస్ కొలువులే. కొలువు కూడు పెడుతుంది. కాని ఏడాది పొడవునా గట్టి పోటీని ఇవ్వలేదు.

2015లో మొదలైన యూబీఏ లీగ్‌లో హైదరాబాద్ స్కై జట్టు ఉండేది. 2017 తర్వాత ఆ లీగే లేకపోయింది. 2025లో ఆరు జట్లతో జరిగిన ఐఎన్‌బీఎల్ ప్రోలో హైదరాబాద్ ఫాల్కన్స్ పాల్గొంది. ఇది స్వాగతించదగినదే. అయితే కొన్ని వారాల సందడితో వృత్తి క్రీడ నిలబడదు. ఏటా తప్పక జరిగే లీగ్, రాతపూర్వక కాంట్రాక్టు, మందుల విషయంలో హెచ్చరించే వైద్యుడు ఆటగాడికి అవసరం.

జిల్లా కోర్టుల్లో బంతి పట్టిన పొడగరి పిల్లల తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే: ఈ ఆట మా వాడికి అన్నం పెడుతుందా? ఆ ప్రశ్నకు సమాఖ్య జవాబు చెప్పనంత కాలం విదేశీ అవకాశం లాటరీ టికెట్టుగానే మిగులుతుంది.