చెట్లు కొట్టే పనికి సర్టిఫికెట్ అవసరమా? చిన్న టీమ్‌లకు ఖర్చా, లాభమా?

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో సాయంత్రం పూట ఒక్క గాలిదుమారం వస్తే చాలు. చెట్టు కూలి కారు మీద పడింది, కరెంటు తీగలు తెగాయి, ట్రాఫిక్ ఆగింది అంటూ వరసగా వార్తలు. హైడ్రా డీఆర్‌ఎఫ్ టీమ్‌లు రంపాలు పట్టుకుని పరుగులు పెడతాయి. మర్నాడు పొద్దున కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "మన గేటు దగ్గర చెట్టు కొట్టించాలి, ఎవరైనా ఉన్నారా?"

ఎవరో ఒక నంబర్ పెడతారు. నలుగురు మనుషులు, ఒక ట్రాలీ ఆటో, తాడు, గొడ్డలి, ఒక మెషిన్ రంపం వస్తాయి. రేటు దగ్గర కాసేపు బేరం, ఆ వెంటనే పని మొదలు. వాళ్లు ఆ పని ఎక్కడ నేర్చుకున్నారు, పైకి ఎక్కే కుర్రాడికి బీమా ఉందా అని అడిగేవాళ్లు మాత్రం ఉండరు.

అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల్లో ఈ పనికి సర్టిఫికెట్లు, సంస్థలకు గుర్తింపులు ఉన్నాయి. మరి మన దగ్గర నలుగురితో నడిచే చిన్న టీమ్ కూడా అలాంటి గుర్తింపు తెచ్చుకోవాలా? పెట్టిన డబ్బు వెనక్కి వస్తుందా? ఒక్కమాటలో చెప్పాలంటే, సర్టిఫికెట్ విలువ దాన్ని అడిగేవాళ్లను బట్టి ఉంటుంది. ఎలాగో చూద్దాం.

వ్యక్తికి ఇచ్చేది వేరు, సంస్థకు ఇచ్చేది వేరు

గుర్తింపు అనగానే చాలామంది అన్నీ ఒకటే అనుకుంటారు. కాదు. ఇందులో రెండు రకాలున్నాయి.

మొదటిది వ్యక్తికి ఇచ్చేది. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్, అంటే ఐఎస్‌ఏ, 1924లో అమెరికాలో మొదలైన సంస్థ. ఇది 'సర్టిఫైడ్ ఆర్బరిస్ట్' పరీక్ష పెడుతుంది. ఆర్బరిస్ట్ అంటే చెట్ల సంరక్షణ నిపుణుడు. పరీక్ష రాయాలంటే మూడేళ్ల పూర్తికాలం అనుభవం ఉండాలి, లేదా సంబంధిత చదువుతో పాటు కొంత అనుభవమైనా చూపాలి. ప్రశ్నపత్రంలో 200 ప్రశ్నలుంటాయి. పాసైతే మూడేళ్లు చెల్లుతుంది. ఆలోగా 30 యూనిట్ల శిక్షణ పూర్తిచేయాలి, లేదంటే మళ్లీ పరీక్ష రాయాలి.

రెండోది సంస్థకు ఇచ్చేది. అమెరికాలో ట్రీ కేర్ ఇండస్ట్రీ అసోసియేషన్, బ్రిటన్‌లో ఆర్బరికల్చరల్ అసోసియేషన్ ఇలాంటి గుర్తింపు ఇస్తాయి. ఇక్కడ ఒక్క మనిషి తెలివితేటలు చూసి సరిపెట్టరు. భద్రతా పద్ధతులు, బీమా, కస్టమర్‌కు ఇచ్చే రాతపూర్వక ఒప్పందం, చేసిన పని నాణ్యత అన్నీ తనిఖీ చేస్తారు. పెద్ద కంపెనీకి ఆ కాగితాలు చూసుకోవడానికి వేరే మనిషి ఉంటాడు. చిన్న టీమ్‌లో చెట్టెక్కేది, లెక్క రాసేది, ఫోన్ ఎత్తేది అంతా ఒకడే. ఫీజు కంటే ఆ టైమే అతనికి పెద్ద ఖర్చు.

అసలు ఈ పనికి గుర్తింపు ఎందుకు?

ప్లంబర్ పైపు సరిగ్గా బిగించకపోతే అదే రోజు నీళ్లు కారతాయి. చెట్టు పని అలా కాదు. తప్పు జరిగిన సంగతి రెండు మూడేళ్ల తర్వాతే బయటపడుతుంది.

కొమ్మ మానును కలిసే చోట మెడలాగా కొంచెం ఉబ్బిన భాగం ఉంటుంది. దానికి బయటగా కోస్తే చెట్టు ఆ గాయాన్ని మెల్లగా మూసుకుంటుంది. నున్నగా కనిపిస్తుందని మానుకు ఆనించి కోస్తే ఆ మెడ పోతుంది, లోపలికి పుచ్చు పడుతుంది. ఇక మన దగ్గర బాగా అలవాటైన పని తల నరకడం. పైభాగం మొత్తం తీసేస్తే ఆ రోజుకి శుభ్రంగా కనిపిస్తుంది. ఆరు నెలల్లో కోసిన చోట గుంపుగా కొత్త కొమ్మలు వస్తాయి. అవి మానులో లోతుగా పట్టుకుని ఉండవు, పైపైన అతుక్కుని పెరుగుతాయి. బరువెక్కాక గాలికి ముందు విరిగేవి అవే. అంటే గాలికి భయపడి చేయించిన పనే తర్వాతి గాలికి ప్రమాదం తెచ్చిపెడుతుంది.

డబ్బులిచ్చేవాళ్లకు ఈ తేడా కంటికి కనిపించదు. అందుకే రేటు తక్కువ చెప్పినవాడికే పని ఇస్తారు. పని తెలిసినవాడు, తెలియనివాడు ఒకే బేరంలో నిలబడతారు. ఆ బేరంలో పని తెలిసినవాడిని వేరుచేసి చూపించడానికే సర్టిఫికెట్ పుట్టింది.

న్యూజెర్సీలో తప్పనిసరి, టెక్సస్‌లో ఇష్టం

అమెరికాలో అంతటా ఒకే రూల్ లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే రెండు రాష్ట్రాలనే తీసుకుందాం. న్యూజెర్సీలో చెట్ల పని చేసే వ్యాపారం రాష్ట్ర బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి. లైసెన్స్ ఉన్న మనిషి టీమ్‌లో ఉండాలి, బీమా చూపాలి. కాబట్టి ఎడిసన్‌లో చిన్న వ్యాపారికి 'లైసెన్స్ లాభమా?' అన్న ప్రశ్నే రాదు. అది లేకపోతే వ్యాపారమే లేదు.

టెక్సస్‌లో ఆర్బరిస్ట్‌కు రాష్ట్ర లైసెన్స్ అక్కర్లేదు. రంపం, పికప్ ట్రక్ ఉంటే ఎవరైనా దిగొచ్చు. కానీ అక్కడ ఓక్ చెట్లను చంపే 'ఓక్ విల్ట్' అనే తెగులు ఉంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మలు కోయొద్దని, ఎప్పుడు కోసినా గాయానికి వెంటనే పెయింట్ వేయాలని నిపుణులు చెబుతారు. ఆ సంగతి తెలియని మనిషి చౌకగా కోసి వెళ్తే పెరట్లో పెద్ద చెట్టే పోవచ్చు. అందుకే చట్టం అడగకపోయినా అక్కడ చాలామంది ఇంటి యజమానులు 'సర్టిఫైడ్ ఆర్బరిస్ట్' ఉన్నాడా అని చూసుకుంటారు.

బ్రిటన్‌లోనూ ట్రీ సర్జన్‌గా బోర్డు పెట్టుకోవడానికి ప్రత్యేక లైసెన్స్ లేదు. సంస్థ గుర్తింపు ఇష్టప్రకారం తీసుకునేదే. అయినా ఏ టీమ్‌ను పిలవాలో తెలియనివాళ్లకు చాలా కౌన్సిళ్లు గుర్తింపు పొందిన సంస్థల జాబితా చూడమని చెబుతాయి. దాంతో ఆ గుర్తింపే చిన్న వ్యాపారికి పని తెచ్చిపెడుతుంది.

ఈ మూడు చోట్లా అడిగేవాళ్లు వేరు. న్యూజెర్సీలో చట్టం, టెక్సస్‌లో ఇంటి యజమాని, బ్రిటన్‌లో కౌన్సిల్. ఎవరో ఒకరు అడుగుతున్నారు కాబట్టే అక్కడ ఆ కాగితానికి రేటు ఉంది.

మన దగ్గర ఎవరు అడుగుతున్నారు?

మన దగ్గర చెట్టుకు చట్టం ఉంది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. కానీ చెట్టు కొట్టొచ్చా లేదా అన్న దగ్గరే ఆగిపోతున్నాం. ఎవరు కోయాలి, ఎలా కోయాలి అన్న ప్రశ్న దాకా వెళ్లడం లేదు. కరెంటు లైన్ కింద కొమ్మలైనా, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో తురాయి చెట్టైనా పని దక్కేది రేటును బట్టే.

అలాగని చెట్ల వైద్యానికి ఇక్కడ గిరాకీ లేదనుకుంటే పొరపాటు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించడం దేశమంతా చూసింది. చేవెళ్ల రోడ్డు వెడల్పు పనుల్లో మర్రిచెట్లను కాపాడాలా, తీసి మరోచోట నాటాలా అన్న పోరాటం ఏళ్ల తరబడి నడిచింది. మహావృక్షాన్ని వేళ్లతో సహా తరలించడం ఇప్పుడు కొత్త వ్యాపారం. అందులోనూ ఇదే చిక్కు. నాటిన రోజు ఫొటోలో అన్ని చెట్లూ ఒకేలా నిలబడి ఉంటాయి. ఏది బతికిందో తెలిసేది తర్వాతే.

లెక్క వేసి చూద్దాం

ఇవి నిజమైన రేట్లు కావు, లెక్క అర్థం కావడానికి అనుకుంటున్న అంకెలు మాత్రమే. శిక్షణ, పరీక్ష, భద్రతా సామగ్రి, బీమా అన్నీ కలిపి ఒక టీమ్‌కు ఏడాదికి 60,000 రూపాయలు అయిందనుకుందాం. ఇంటింటి పనిలో ఒక్కోదానికి 1,500 మిగిలితే, ఆ ఖర్చు తిరిగి రావడానికి 40 పనులు అదనంగా రావాలి. కాలనీల్లో సర్టిఫికెట్ చూసి పిలిచేవాళ్లు లేనప్పుడు అది కష్టం. అదే టీమ్‌కు గేటెడ్ కమ్యూనిటీ, ఐటీ పార్క్, స్కూల్, ఆస్పత్రి క్యాంపస్ లాంటి చోట ఒక్కో పనికి 10,000 మిగిలితే ఆరు పనులు చాలు.

అంటే ఎవరి కోసం పనిచేస్తున్నామన్నదే ముఖ్యం. వీధుల్లో ఒక్కో చెట్టు కొట్టుకునే టీమ్ డాలర్లలో ఫీజు కట్టి, తెలుగులో లేని పరీక్ష రాసి, విదేశీ గుర్తింపు తెచ్చుకుంటే ఈ రోజుకి నష్టమే. క్యాంపస్ కాంట్రాక్టులు, తరలింపు పనుల మీద కన్నేసిన టీమ్‌లో ఒక్కరైనా సర్టిఫైడ్ మనిషి ఉంటే కొటేషన్‌కు బరువు వస్తుంది.

ఇక్కడో జాగ్రత్త. ఆఫీసు గోడ మీద ఒకరి సర్టిఫికెట్, చెట్టు మీద నడుముకు తాడైనా లేని మరో కుర్రాడు. ఇలాగైతే ఆ కాగితం ఎవరినీ కాపాడదు.

కాటమయ్య కిట్ చెప్పే పాఠం

విదేశాలదాకా పోనక్కర్లేదు, మనకు దగ్గర్లోనే దారి ఉంది. తాటిచెట్టు మీద నుంచి పడి గీత కార్మికులు చనిపోవడం, నడుములు విరగడం మనకు కొత్త కాదు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో వాళ్లకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కిట్ చేతిలో పెట్టి పంపేయకుండా, వాడటంలో శిక్షణ కూడా ఇచ్చారు.

అంతకుముందే 2011లో కొబ్బరి అభివృద్ధి మండలి కేరళలో 'కొబ్బరి చెట్టు స్నేహితులు' అనే కార్యక్రమం పెట్టింది. యువతకు మెషిన్‌తో చెట్టెక్కడం, చెట్టు సంరక్షణ నేర్పి, బీమా కల్పించింది. ఎవరూ రావడం లేదనుకున్న పనిలోకి కొత్తవాళ్లు వచ్చారు.

నగరాల్లో కొమ్మలు కొట్టేవాళ్లకూ ఇలాంటిదే కావాలి. తెలుగులో కొద్ది రోజుల శిక్షణ, చేతి పనితోనే పరీక్ష, కిట్, బీమా, ఒక గుర్తింపు కార్డు. రాతపరీక్ష ఒక్కటే పెట్టి లైసెన్స్ తప్పనిసరి చేస్తే ముందు రోడ్డున పడేది చదువు లేకపోయినా ఇరవై ఏళ్లుగా పని చేతికి వచ్చినవాళ్లే. వచ్చిన పనికి గుర్తింపు ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి కేంద్రం నైపుణ్య పథకాల్లో ఇప్పటికే ఉంది. దాన్ని ఈ పనికి గట్టిగా వాడుకోవడమే మిగిలింది.

చిన్న టీమ్ ఇప్పుడు ఏం చేయొచ్చు?

• ముందు బీమా. ప్రధానమంత్రి సురక్షా బీమాలో ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 2 లక్షల కవర్ ఉంటుంది. అది మొదటి మెట్టు మాత్రమే. పక్కింటి కారు, గోడ దెబ్బతింటే ఇచ్చే బీమా వేరు, అదీ చూసుకోవాలి.
• ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. క్యాంపస్‌లు, ఆఫీసులకు కొటేషన్ ఇచ్చేటప్పుడు పనికొస్తుంది.
• హెల్మెట్, కళ్లద్దాలు, నడుము బెల్టు, రంపం దెబ్బ నుంచి రక్షణ ఇచ్చే ప్యాంటు. సర్టిఫికెట్ కంటే ముందు కొనాల్సినవి ఇవే.
• తీగల దగ్గర పనైతే కరెంటోళ్లు లైన్ క్లియర్ ఇచ్చాకే చెట్టెక్కాలి. 'చిన్న కొమ్మే కదా' అన్న మాటే ప్రాణాలు తీస్తుంది.
• కోయకముందు, కోశాక, ఏడాది తర్వాత ఫొటోలు దాచుకోవాలి. సర్టిఫికెట్ లేని చోట అదే మీ సర్టిఫికెట్.
• ఇవన్నీ కుదిరాక, పెద్ద పనులు వస్తున్నాయనుకుంటే టీమ్‌లో ఒక్కరిని పరీక్షకు పంపండి. సంస్థ గుర్తింపు ఆ తర్వాత మెట్టు.

పని ఇచ్చేవాళ్లు ఏం అడగాలి?

అసలు తాళం చెవి ఉన్నది మన చేతుల్లోనే. కాలనీ సంఘం, అపార్ట్‌మెంట్ సెక్రటరీ, మున్సిపాలిటీ... ఎవరు పని ఇచ్చినా మూడు ప్రశ్నలు అడిగితే చాలు. మీ మనుషులకు బీమా ఉందా? అనుమతి కాగితం ఉందా? ఎక్కడ కోస్తారు, ఎందుకు అక్కడే? మూడో ప్రశ్నకు చెట్టు దగ్గర నిలబడి, కొమ్మ చూపించి జవాబు చెప్పగలిగినవాడికి పని వచ్చినట్టే. 'మొత్తం కొట్టేస్తాం సార్, మళ్లీ ఏ బాధా ఉండదు' అన్నాడంటే బాధ అక్కడే మొదలు.

రేటు కొంచెం ఎక్కువ చెప్పొచ్చు. కానీ మన ఆవరణలో కుర్రాడు చెట్టు మీద నుంచి పడితే అంబులెన్స్ పిలవాల్సింది, పోలీసులకు జవాబు చెప్పాల్సింది మనమే. ఆ కుర్రాడి ఇంట్లో పోయేది సంపాదించే చెయ్యి.

కాబట్టి చిన్న టీమ్‌కు సర్టిఫికెట్ లాభమా అంటే, ఇప్పటికిప్పుడు అందరికీ కాదు. బీమా, శిక్షణ, భద్రత మాత్రం అందరికీ లాభమే. మిగతాది మనం అడగడం మొదలుపెట్టిన రోజున దానంతట అదే లాభమవుతుంది. ఈసారి గాలిదుమారం తర్వాత గ్రూప్‌లో నంబర్ అడిగేటప్పుడు రేటుతో పాటు ఆ మూడు ప్రశ్నలు కూడా అడిగి చూడండి.